ముప్పై రెండు స్తంభాలు, ఎనిమిది పరీక్షలు

ముప్పై నాలుగేళ్లు వీధి దీపాల విభాగంలో పనిచేశాను. అన్నేళ్లలో నా సంతకం వల్ల ఎవరూ చనిపోలేదు. చెప్పుకోవడానికి ఈ మాట బాగానే ఉంటుంది. పదవీ విరమణ రోజు శాలువా కప్పుతూ మావాళ్లు ఇంచుమించు ఇదే చెప్పారు కూడా. అందులో నా వాటా ఎంత అని మాత్రం ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. శాలువా కప్పుకొని ఉన్న మనిషి అలాంటివి చెప్పడు. ఇప్పుడది బీరువాలో ఉంది కాబట్టి చెబుతాను.

మీలో ఈ శాఖలో కొత్తగా చేరినవాళ్లు ఉంటే ముందుగా ఒక మాట. వీధి దీపాల పని గొప్ప పని అని ఎవరూ అనుకోరు. పెళ్లిచూపుల్లో ‘ఎలక్ట్రికల్ ఇంజనీరు’ అన్నప్పుడు ముందుకు వంగిన మా మామగారు, ‘వీధి దీపాలు’ అన్నాక మళ్లీ కుర్చీలో వెనక్కి వాలారు. పూర్తిగా ముందుకు రావడానికి ఆయనకు నాలుగేళ్లు పట్టింది. జనం దీపాన్ని చూస్తారు. మనం చూడాల్సింది స్తంభాన్ని. దీపం వెలగకపోతే ఫోన్లు వస్తాయి. స్తంభంలోకి కరెంటు వస్తే ఫోను రాదు, మరుసటి రోజు పేపర్లో వస్తుంది.

ఇది మా లైన్‌మన్ గురించి. ఆయన్ను అందరం మేస్త్రీ అనేవాళ్లం. నాకంటే రెండేళ్లు పెద్ద. హొసకోటె అవతలి పల్లె వాళ్లది. ఇంట్లో తెలుగు, బయట కన్నడం. ఇంగ్లీషు కాగితాన్ని వేలు పెట్టుకొని ఒక్కో మాటా కూడబలుక్కొని చదివేవాడు. అందువల్ల మేమంతా చదవకుండా సంతకం పెట్టే కాగితాలను నిజంగా చదివిన మనిషి మా ఆఫీసులో ఆయనొక్కడే.

ఆయనకు ఒక అలవాటు ఉండేది. ఏ స్తంభాన్నీ ముందుగా అరచేత్తో పట్టుకునేవాడు కాదు. వేళ్ల వెనకవైపు ఒకసారి తాకించి చూసేవాడు. కరెంటు ఉంటే అరచెయ్యి ముడుచుకొని స్తంభాన్ని పట్టేసుకుంటుంది, వదలదు. వెనకవైపైతే ఆ ముడుచుకోవడంలోనే చెయ్యి ఇవతలికి వచ్చేస్తుంది. నాకు కాలేజీలో ఇది చెప్పలేదు. ఇంట్లో ఫ్రిజ్ తలుపు కూడా ఆయన అలాగే తీస్తాడని ఆయన భార్య మా ఆవిడతో చెప్పి నవ్వింది. ఆ రోజు నుంచి మా ఇంట్లో నేనూ అలాగే తీస్తున్నాను, ఎవరూ చూడనప్పుడు.

ఇక పరికరం సంగతి. మా దగ్గర రెండు మెగ్గర్లు ఉండేవి. తీగ మీది తొడుగు గట్టిగా ఉందా, ఎక్కడైనా చిట్లి కరెంటు ఇనుములోకి దిగుతోందా అని చెప్పే పెట్టె మెగ్గర్. దాని రెండు వైర్లలో ఒకటి లోపలి తీగకు, ఒకటి స్తంభానికి తగిలించి పిడి తిప్పితే ముల్లు కదులుతుంది. పైకి పోతే మంచిది, సున్నా దగ్గర పడితే చెడ్డది. మా డిజిటల్ మెగ్గర్‌ను సరిచూసి పంపమని ఒకచోటికి పంపితే అది అక్కడే స్థిరపడింది. మిగిలింది చేత్తో తిప్పే పాతది. నల్లటి బరువైన పెట్టె, సర్వీసులో నాకంటే సీనియర్. మేస్త్రీ దాన్ని ‘పెద్దాయన’ అనేవాడు.

ఆ ఏడు ఆయుధపూజ బుధవారం వచ్చింది. ఆఫీసు ముందు నిచ్చెన బండికి అరటి పిలకలు కట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, బూడిద గుమ్మడికాయ కొట్టి, బొరుగులూ బూందీ పంచుకున్నాం. పానాలు, టెస్టర్లు, ప్లయర్లు అన్నీ కడిగి వరుసగా పేర్చి మేస్త్రీ తన చేత్తో బొట్లు పెట్టాడు. పెద్దాయనకు చిన్న బొట్టు చాలదనుకున్నాడేమో, పెట్టె నెత్తిన నిండుగా గంధం పూసి, మూడు వేళ్లతో అడ్డంగా లాగి, మధ్యలో కుంకుమ అద్దాడు. చాలా బాగుంది. నేను ఫోటో తీసి ఆఫీసు గ్రూపులో పెట్టాను. ఆ ఫోటో ఇప్పటికీ నా ఫోన్లో ఉంది. వైర్లు బిగించే రెండు మరల మధ్య గంధం ఎలా పరుచుకొని ఉందో అందులో స్పష్టంగా కనిపిస్తుంది. చూసినవాళ్లంతా దండం గుర్తు పెట్టారు, నలుగురు ఇంజనీర్లతో సహా.

గురువారం దసరా సెలవు. శుక్రవారం పని.

యలహంకకు పోయే దారిలో ఒక రోడ్డు. దానికి సిమెంటు పోసే పని రెండు నెలలు సాగింది. ఆ రెండు నెలలూ పాత స్తంభాలు పీకి, మళ్లీ నాటి, కొత్త కేబులు వేశారు. మొత్తం ముప్పై రెండు స్తంభాలు. వీధి మొదట్లో ఇనుప పెట్టె, అందులో ఫ్యూజులు, టైమరు. సాయంత్రం ఆరుంబావుకు టైమరు తనంతట తనే కరెంటు వదులుతుంది, ఎవరూ మీట నొక్కక్కర్లేదు. అంతకు ముందు ఎవరో ఒకరు స్తంభాలన్నీ పరీక్షించి, సురక్షితం అని రాసి సంతకం పెట్టాలి. ఆ ఎవరో ఒకరు నేను. శుక్రవారం సాయంత్రం దీపాలు వస్తాయని మా పై అధికారి కాలనీ సంఘానికి మాట ఇచ్చేశాడు. వాళ్లు దాన్ని వాట్సాప్‌లో వేసేశారు.

దీపాలు లేని ఆ రెండు నెలల చీకటి బాధ అందరికంటే బాగా తెలిసింది పందొమ్మిదో స్తంభం కింద పూలమ్మే ఆమెకు. అనంతపురం వైపు నుంచి వచ్చి పదేళ్లయిందట. మధ్యాహ్నం మూడింటికి బుట్ట, నీళ్ల బకెట్టు, ఇనుప స్టూలు తెచ్చుకుంటుంది. స్తంభానికి తాడు కట్టి దండలు వేలాడదీస్తుంది. చేతులు ఎప్పుడూ తడిగానే ఉంటాయి. మోకాళ్ల నొప్పి కాబట్టి లేవాల్సినప్పుడల్లా స్తంభాన్ని పట్టుకొని లేస్తుంది. పని చూడటానికి పోయినప్పుడల్లా నన్ను ఆపి అడిగేది: “లైటెప్పుడు సారూ? మల్లెలో కాకడాలో వాసన చూసి కట్టాల్సొస్తా ఉండాది.” వస్తుందమ్మా, వస్తుంది అనేవాణ్ని. మా శాఖలో ఆ జవాబుకు శిక్షణ అవసరం లేదు.

శుక్రవారం పొద్దున మొదటి స్తంభం దగ్గర మొదలుపెట్టాం. అడుగున ఉన్న చిన్న తలుపు తీసి, లోపలి స్విచ్చు కట్టేసి, దీపం కనెక్షన్ విడదీసి, వైర్లు తగిలించాం. మేస్త్రీ పిడి తిప్పాడు. ముల్లు సున్నాకు వెంట్రుకవాసి పైన నిలబడింది. చెడ్డ స్తంభం. రెండోదీ అంతే. మూడోదీ అంతే. ఐదు స్తంభాల వరకు పుస్తకంలో అంకెలు రాశాను. ఆరోదాని నుంచి ‘పైదే’ అన్న గుర్తుగా రెండేసి గీతలు పెట్టుకుంటూ పోయాను.

పదో స్తంభం దాటేసరికి పై అధికారికి ఫోన్ చేశాను. ఆయన కన్నడంలో అన్నదాంట్లో అచ్చువేయదగ్గ ముక్క ‘అన్నీనా?’ అన్నదొక్కటే. అక్కడి నుంచి ఒక చెవికి ఫోను, ఒక చేతిలో పుస్తకం. మేస్త్రీ తిప్పుతున్నాడు, నేను గీతలు పెడుతున్నాను. మధ్యలో ఒకచోట ఆయన, “సార్, ఇది ఇంకా మోసంగా ఉండాది,” అన్నాడు, మిగతావాటికంటే అధ్వాన్నంగా ఉందని. అన్నీ మోసమే, పద, అన్నాను. రెండు గీతలు పెట్టాను.

పదకొండింటికి, ఆఖరి స్తంభం అవుతుండగా, కాంట్రాక్టరు తరఫు సూపర్‌వైజరు వచ్చాడు. యాభై దాటిన మనిషి, నెమ్మదస్తుడు. అరుస్తాడనుకున్నాను. అరిచినా బాగుండేది. చాలా మర్యాదగా, రెండు వైర్లూ దేనికీ తగిలించకుండా గాల్లో పట్టుకొని ఒకసారి తిప్పి చూపించమని అడిగాడు. మేస్త్రీ తిప్పాడు. ముల్లు సున్నాకు వెంట్రుకవాసి పైన నిలబడింది.

అంటే మా లెక్క ప్రకారం గాలి కూడా ఫెయిలైంది.

స్తంభాన్ని పరీక్షించే ముందు పరికరాన్ని పరీక్షించాలి. వైర్లు విడిగా పట్టుకొని ఒకసారి, కలిపి పట్టుకొని ఒకసారి. మీకు మొదటి ఏడు ల్యాబులోనే ఇది చెబుతారు. నాకూ చెప్పారు, నేనూ పాతికమందికి చెప్పాను. ముప్పై రెండు స్తంభాలు ఒకే అబద్ధం చెప్పవని కూడా అప్పుడే అనుమానం రావాల్సింది. సూపర్‌వైజరు ఏమీ అనకుండా పెట్టె నెత్తి మీద వేలు పెట్టి, గంధం తడి చూపించాడు. రెండు రోజులుగా ముసురు. కుంకుమా నీరూ కలిసిన గంధపు పట్టీ ఒకటి రెండు మరల మధ్య చల్లగా పరుచుకొని ఉంది. పెద్దాయన పొద్దుటి నుంచీ కొలుస్తున్నది తన నుదుటి బొట్టునే.

మేస్త్రీ వైర్లు విప్పేశాడు. పెద్దాయనకు దండం పెట్టుకొని, స్పిరిటు గుడ్డతో తుడిచాడు, ఆరబెట్టాడు, మళ్లీ తుడిచాడు. ఈసారి గాల్లో పట్టుకొని తిప్పితే ముల్లు ఉన్నంత మేరా పైకి పోయింది. మొదటి స్తంభం నుంచి మళ్లీ మొదలుపెట్టాం. ఒకటి, రెండు, మూడు, అన్నీ బంగారం. ఎనిమిదో స్తంభం అయ్యేసరికి ఒకటిన్నర.

ఇక్కడ నా మనసులో ఏముందో దాచకుండా చెప్పాలి, ఎందుకంటే మీకు ఉపయోగపడేది ఇదొక్కటే. నాకు సిగ్గుగా ఉంది. గాలిని ఫెయిల్ చేసిన ఇంజనీరుగా సాయంత్రానికి నగరమంతా తెలిసిపోతానని తెలుసు. పొద్దున చేసిన గోల వీలైనంత త్వరగా మాసిపోవాలి. భయపడ్డ మనిషి జాగ్రత్తగా ఉంటాడు, సిగ్గుపడ్డ మనిషి తొందరపడతాడు. ఎనిమిదీ బాగున్నాయి కాబట్టి ముప్పై రెండూ బాగున్నట్టే అని తేల్చి, ఫారం నింపి, సంతకం పెట్టి, ఫోటో తీసి పై అధికారికి పంపాను. ఆయన బొటనవేలు గుర్తు పంపాడు. నిలబడి తినే హోటల్లో ఒక బిసిబేళె బాత్ తిన్నాను. రుచిగానే ఉంది.

మూడున్నరకు తిరిగొచ్చేసరికి వీధి మొదట్లో ఇనుప పెట్టె తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. మేస్త్రీ పక్కనే గొడుగు మడిచి పట్టుకొని నిలబడి ఉన్నాడు. భుజానికి టిఫిన్ సంచి.

“ఏం మేస్త్రీ, తెరిచి పెట్టినావే?”

“ఫ్యూజులు తీసినా సార్.” సంచి తట్టాడు. లోపల పింగాణీ చప్పుడైంది. “ఎనిమిది చూస్తిమి. ఇంకా ఇర్వైనాలుగు ఉండాయి.”

అప్పుడు నేను ఆయనకు చిన్న ఉపన్యాసం ఇచ్చాను. అదే కేబులు, అదే కూలీలు, అదే నెల. అన్నం ఉడికిందో లేదో తెలుసుకోవడానికి ఒక్క మెతుకు పట్టుకొని చూస్తే చాలు, కుండంతా పిసకక్కర్లేదు అన్నాను. నాకు నేనే నచ్చాను.

మేస్త్రీ సంచి భుజం మార్చుకున్నాడు. “మెతుకు పట్టుకుంటే ఉడికిందా లేదా తెలుస్తాది సార్. రాయి ఉండాదా లేదా తెలీదు.”

 జవాబు లేనప్పుడు అధికారులు చేసేదే నేనూ చేశాను. సంతకం అయిపోయింది, రిపోర్టు వెళ్లిపోయింది, ఫ్యూజులు తీసే అధికారం నీకు లేదు, ఈ సంగతి పైకి రాసి పంపాల్సి వస్తుంది అని హెచ్చరించాను. ఆయన రిటైర్మెంటుకు ఇంకా ఏడు నెలలుంది. ఆ ఏడు నెలల్లో మెమో పడటమంటే ఏమిటో మా ఇద్దరికీ తెలుసు.

“రాయండి సార్. అది మీ పని,” అన్నాడు. కోపంగా కాదు, పని పంచుకుంటున్నట్టు. తర్వాత మెల్లగా, “బొట్టు పెట్టింది నేను కదా సార్. నా బొట్టుతో ముప్పై రెండు కంబాలకీ చెడ్డపేరు వచ్చె. ఇప్పుడు అదే బొట్టు పేరు చెప్పి ముప్పై రెండూ మంచివైపోతే ఎట్లా? పొద్దున ఒక దాని దగ్గర ముల్లు అన్నిటి మాదిరి నిలబడలేదు. సున్నాకే పడిపోయె. మీకు చెప్తిని. ఏ కంబమో నాకు గుర్తు లేదు, మీరు రాసుకుంటిరి కదా, చూడండి.”

పుస్తకం తెరిచాను. ఐదు అంకెలు, ఆ తర్వాత పేజీ చివరి దాకా రెండేసి గీతలు. వరుసగా, తీరుగా, ఏ తేడా లేకుండా. అందులో ఏ జత ఆ స్తంభానిదో దేవుడికి కూడా తెలియదు. నేను పుస్తకం మూశాను. మేస్త్రీ తొంగి చూడలేదు. చూడాల్సిన అవసరం లేకుండానే నా మొహం అంతా చెప్పేసి ఉంటుంది.

పై అధికారికి ఫోన్ చెయ్యలేదు. బొట్టు కథ రెండోసారి చెప్పే ధైర్యం లేకపోయింది. తొమ్మిదో స్తంభం దగ్గరికి నడిచాం.

నాలుగింటికి చినుకులు మొదలయ్యాయి. మేస్త్రీ గొడుగు పెద్దాయన మీద పట్టాడు, మా ఇద్దరి మీదా కాదు. పిడి నేను తిప్పాను. ప్రతి స్తంభానికీ ముందు వైర్లు గాల్లో ఒకసారి, కలిపి ఒకసారి, తర్వాతే స్తంభానికి. ఒక్కోదానికి పది నిమిషాలు. ప్రతిదానికీ అంకె రాశాను. వానకు సిరా పాకినా రాశాను. తొమ్మిది, పది, పదకొండు, అన్నీ మంచివే. పదిహేను దాటాక నాకు మళ్లీ ధైర్యం వచ్చింది, ఇక చాలేమో అన్నట్టు మేస్త్రీ వంక చూశాను. ఆయన అప్పటికే పదహారో స్తంభం తలుపు తీస్తున్నాడు.

పందొమ్మిదో స్తంభం దగ్గర పూలామె ఉంది. అది పరీక్షించాలి, కాస్త జరగమ్మా అన్నాను. ఎక్కడికి జరగాలంది. ఒకవేళ ఇది చెడ్డదైతే ఆమె దూరంగా ఉండటం మంచిదని, ఇరవయ్యో స్తంభం చూపించి, అక్కడ కూర్చోమన్నాను. పైగా అక్కడ కొట్టు రేకు కింద వాన పడదు. సణుక్కుంటూ తాడు విప్పి, బుట్ట, బకెట్టు, స్టూలు అక్కడికి చేర్చుకొని, ఇరవైకి తాడు కట్టుకుంది. పందొమ్మిదోది చూశాం. నిక్షేపంలా ఉంది. నాకు పెద్ద బరువు దిగినట్టయింది. ఆమె రోజూ పట్టుకొని లేచే స్తంభం బాగుంది, ఇంక నాకేం కావాలి?

తర్వాత ఇరవయ్యోది. అప్పటికి ఆరు కావడానికి ఐదు నిమిషాలు. ఆమెను మళ్లీ లేవమనాలి.

“ఏం సారూ, ఇంతకుముందే కదా ఈడికి రమ్మంటిరి? నేనేమన్నా పులిజూదంలో మేకనా, ఈ గడి నుంచి ఆ గడికి జరిపేదానికి?”

ఆమె మాటలో న్యాయముంది. శుక్రవారం సాయంత్రం, కొనేవాళ్లు వచ్చే వేళ. దీన్ని రేపు చూద్దాం మేస్త్రీ, మిగతావాటితో పాటు, అన్నాను.  మేస్త్రీ వంగి ఆమె నీళ్ల బకెట్టు తనే ఎత్తుకొని నాలుగడుగులు అవతల పెట్టాడు. “స్వల్ప ఓపిక పట్టమ్మా. నీ పూలు యాడికీ పోవు,” అన్నాడు. బకెట్టు పోయాక ఆమె కూడా స్టూలు పట్టుకొని పోక తప్పలేదు. దండల తాడు మాత్రం స్తంభానికే ఉంది.

వైర్లు గాల్లో పట్టుకొని తిప్పాను. ముల్లు పైకి పోయింది. కలిపి తిప్పాను. కిందికి వచ్చింది. స్తంభానికి తగిలించి తిప్పాను. ముల్లు సున్నా మీద పడి, అక్కడే పడుకుంది.

మళ్లీ గాల్లో. పైకి. మళ్లీ స్తంభానికి. సున్నా.

 మేస్త్రీ లేచి టార్చి వేసి తలుపు లోపల చూశాడు. మామూలు బోల్టులు అయిపోయాయేమో, ఆ ఒక్క స్తంభానికి అరంగుళం ఎక్కువ పొడుగున్న బోల్టు వేశారు. దాని మొన తీగ తొడుగును చీల్చుకొని రాగిని తాకుతోంది. అది ఒకటి. స్తంభాన్ని భూమికి కలిపే పట్టీ రోడ్డు యంత్రానికి తెగి మట్టిలో వేలాడుతోంది. అది రెండు. తీగ చిట్లినా, ఆ పట్టీ ఉంటే ఫ్యూజు కొట్టేస్తుంది, మనిషి బతుకుతాడు. ఒకటి పోతే రెండోది కాపాడాలని పెద్దవాళ్లు ఏర్పాటు చేసి పెట్టారు. రెండూ ఒకే స్తంభంలో పోయాయి. ఆ ఒక్క స్తంభం దగ్గరికే, వాన పడదు రమ్మని, తడి చేతుల మనిషిని నేను పిలిచి కూర్చోబెట్టాను.

సూపర్‌వైజరును పిలిచాం. వచ్చి చూశాడు. పొద్దున నాకు చూపించిన మర్యాదే ఇప్పుడు నేనూ చూపించాను, అంటే ఏమీ అనలేదు. ఆయనే మోకాళ్ల మీద కూర్చొని బోల్టు విప్పి జేబులో వేసుకున్నాడు.

ఆరుంబావుకు మేము ఇంకా అక్కడే ఉన్నాం. పక్క వీధుల్లో దీపాలు ఒక్కసారిగా వెలిగాయి. మా వీధి మొదట్లో ఇనుప పెట్టెలో టైమరు టక్కుమని ఉంటుంది, దాని పని అది చేసింది. మా వీధిలో ఏమీ వెలగలేదు. ఫ్యూజులు మేస్త్రీ సంచిలో, ఖాళీ టిఫిన్ డబ్బా పక్కన ఉన్నాయి.

పూలామె అప్పటికే తన స్టూలు మళ్లీ ఇరవయ్యో స్తంభం కిందికి తెచ్చుకుంది. మేము చెప్పేలోపు కూర్చుంది కూడా. పక్క వీధి వెలుతురు చూసి, బకెట్టులో తడిసిన చేత్తో స్తంభాన్ని గట్టిగా పట్టుకొని లేచింది. నేను ఆ చేతినే చూస్తున్నాను. మామూలు చెయ్యి, వేళ్లకు దారం గుర్తులున్నాయి.

“అన్ని వీధులకూ వచ్చె. మాకు తప్ప,” అంది. “పొద్దన్నుంచి పెట్టె మోసుకొని తిరిగేది తప్ప మీకింకేం చేతనయితాదప్పా?”

“రేపు వస్తాదమ్మా,” అన్నాడు మేస్త్రీ.

“నీ రేపులు రెండు నెల్ల నుంచి చూస్తా ఉండా.”

నాకు చెప్పేద్దామనిపించింది. ఈ మనిషి ఎవరో, ఈ సంచిలో ఏముందో, ఆమె చెయ్యి ఎక్కడుందో అన్నీ చెప్పాలని నోరు తెరిచాను. మేస్త్రీ తల అడ్డంగా ఊపాడు. కొంత దూరం నడిచాక కారణం చెప్పాడు: “చెప్తే ఇంక ఏ కంబమూ ముట్టదు సార్. లేచేదానికి ఆమెకు కంబం కావాల కదా.”

ఇంతకంటే పెద్ద మాటలు నేను చాలా సభల్లో విన్నాను. ఒక్కటీ గుర్తు లేదు.

మరునాడు పొద్దున మిగిలిన పన్నెండు స్తంభాలూ చూశాం. ఇంకోదాంట్లో భూమి పట్టీ వదులుగా ఉంది, అంత ప్రమాదమేం కాదు, బిగించారు. ఇరవయ్యోదానికి కొత్త తీగ, కొత్త పట్టీ, సరైన బోల్టు. శనివారం సాయంత్రం ఆరుంబావుకు వీధంతా వెలిగింది. కాలనీ సంఘం వాళ్లు పై అధికారికి కృతజ్ఞతలు చెప్పారు, ఒక రోజు ఆలస్యాన్ని సున్నితంగా ప్రస్తావిస్తూ.

ఆ ఆలస్యానికి కారణం రాసిమ్మని పై అధికారి అడిగాడు. ముఖ్యంగా, సురక్షితమని రిపోర్టు వచ్చాక ఫ్యూజులు ఎవరు తీశారు, ఎవరి అనుమతితో? సోమవారం కూర్చొని జాగ్రత్తగా ఒక కాగితం రాశాను. అదనపు పరీక్షల నిమిత్తం నా ఆదేశం మేరకు లైన్‌మన్ ఫ్యూజులు తొలగించాడు అని. గంట పట్టింది. మంచి ఇంగ్లీషు. మేస్త్రీకి మెమో రాదు, నాకు మచ్చ రాదు, అందరికీ గౌరవంగా ఉంటుంది. సాక్షిగా ఆయన సంతకం కూడా కావాలి కాబట్టి పిలిచి ఇచ్చాను.

ఆయన వేలు పెట్టుకొని చదివాడు. మధ్యలో వేలు ఆగింది.

“ఈ ఆదేశం మీరు ఎప్పుడిస్తిరి సార్?”

“ఇచ్చుండాల్సింది మేస్త్రీ.”

“ఇయ్యలేదు కదా.” కాగితం నా వైపు జరిపాడు. “రేపు ఇంకో లైన్‌మన్ ఉంటాడు సార్. ఆదేశం ఇస్తేనే ఫ్యూజు తీయాలని ఇది చదివి నేర్చుకుంటాడు. దీంట్లో నేను సంతకం పెట్టను.”

ఆయన్ను కాపాడటానికి రాసిన కాగితాన్ని ఆయనే తిప్పికొట్టాడు. నాకు కొంచెం కోపం కూడా వచ్చింది. మెమో పడుతుందయ్యా అన్నాను. పడనీ అన్నాడు.

రెండో కాగితం రాయడానికి పది నిమిషాలే పట్టింది. ఎనిమిది స్తంభాలు పరీక్షించి ముప్పై రెండింటికి సంతకం పెట్టాను. లైన్‌మన్ నా ఆదేశం లేకుండా ఫ్యూజులు తీశాడు, నేను హెచ్చరించాక కూడా తిరిగి పెట్టలేదు. ఇరవయ్యో స్తంభంలో ప్రాణాంతకమైన లోపం ఆయన పట్టుదల వల్లే దొరికింది. సర్వీసులో నేను రాసిన కాగితాల్లో విశేషణాలు తక్కువున్నది అదే. సంజాయిషీ నన్ను అడిగారు, ఇచ్చాను. ఒక ఇంక్రిమెంటు ఆలస్యమైంది. మేస్త్రీకి మెమో రాలేదు, మెచ్చుకోలూ రాలేదు. పై అధికారి ఆ కాగితం రెండుసార్లు చదివి ఫైల్లో పెట్టించాడని తెలిసింది. ఆయన ఏదైనా రెండుసార్లు చదవడం నాకు తెలిసి అదే మొదలు.

ఆ సోమవారం మేస్త్రీ రెండో కాగితాన్ని కూడా మొదటి మాట నుంచి వేలు పెట్టుకొని చదివాడు. నేను ఎదురుగా, ఫలితాల కోసం చూసే విద్యార్థిలా కూర్చున్నాను. చివరి దాకా వేలు ఎక్కడా ఆగలేదు.

“ఇది సరిగ్గా ఉండాది సార్,” అని సంతకం పెట్టాడు. తారీకు వేశాడు. ఐదో స్తంభం తలుపు గాలికి కొట్టుకుంటోందని ఎవరో ఫోన్ చేశారట, పానా తీసుకొని పోయాడు.